కోళ్ల నీళ్లు గడ్డకట్టే దేశంలో ఊళ్లకు కరెంటు ఎట్ల వచ్చింది?



మన కోళ్లకు గండం ఎండాకాలం. మే నెలలో షెడ్డు మీద గడ్డి కప్పి, గోనెసంచులు తడిపి కట్టి, తాగే నీళ్లు కాగకుండా చూసుకుంటం. అమెరికాలో మిన్నెసోటా, విస్కాన్సిన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో గండం చలికాలం. అక్కడ చలి నెలల తరబడి సున్నా డిగ్రీల కిందనే ఉంటది. పొద్దున పోసిన నీళ్లు చూస్తుండగానే రాయి అయితయి.

నీళ్లే కదా అనుకోవద్దు. గుడ్డులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. కోడి తిన్న దాణాకు దాదాపు రెండింతలు నీళ్లు తాగుతది. నీళ్లు లేకుంటే దాణా ముట్టదు, గుడ్డు ఆగిపోతది. 100 కోళ్లకు రోజుకు 20 లీటర్ల పైనే కావాలె. ఆ కాలంలో అక్కడ కూడా గుడ్ల పైసలు ఎక్కువగా ఆడోళ్ల చేతిలోనే ఉండేవి. ఇంట్లోకి సరుకులు, పిల్లలకు బట్టలు వాటితోనే. గుడ్డు ఆగితే ఇల్లు గడుసుడు కష్టం.

అందుకని పొయ్యి మీద నీళ్లు వేడిచేసి, మంచులో బకెట్లు మోసుకపోయి, రోజుకు రెండు మూడుసార్లు పోసేటోళ్లు. తొట్టిలో గడ్డను పగలగొట్టి పారబోసుడు ఇంకో పని. తర్వాత రెండు గోడల రేకు డబ్బాలు వచ్చినయి. నడుమ గాలి ఉంటది కాబట్టి లోపలి వేడి తొందరగా పోదు. కొందరు డబ్బా కింద గాసునూనె దీపం పెట్టేటోళ్లు. కానీ కింద ఎండుగడ్డి, పక్కన మంట. దీపం ఒరిగితే షెడ్డంతా బూడిదే.

దీనికి సులువైన ఉపాయం కరెంటు. రేకు డబ్బా లోపల చిన్న బల్బు వెలిగించి, దాని మీద నీళ్ల గిన్నె పెడితే చాలు. కానీ కరెంటేది? 1930ల నడుమ అమెరికా పట్నాల్లో దాదాపు అన్ని ఇండ్లకు కరెంటు ఉంటే, పల్లెల్లో పదిమంది రైతుల్లో ఒక్కరికే ఉండేది. ఇండ్లు దూరం దూరం, తీగ గుంజితే లాభం రాదని కంపెనీలు ముందుకు రాలేదు.

1935లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్ పల్లెల కరెంటు కోసం ఒక శాఖ పెట్టిండు. 1936లో చట్టం వచ్చింది. సర్కారు తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చింది. రైతులు సహకార సంఘాలు కట్టుకొని తామే స్తంభాలు పాతించి తీగలు గుంజుకున్నరు. 1950ల మొదట్లకే పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి కరెంటు అందింది. బల్బు నీళ్లను కాపాడింది. పొద్దు తక్కువుండే చలికాలంలో షెడ్డులో వెలుగు పెంచి గుడ్లు కూడా పెంచింది.

ఈ కథ మనకు దూరమేం కాదు. 1970లో మన సిరిసిల్లలో మొదలైన సహకార విద్యుత్ సంఘం, అందరూ సెస్ అంటరు కదా, అది ఈ అమెరికా పద్ధతి చూసి పెట్టిందే. దేశంలో మొదట పెట్టిన ఐదు సంఘాల్లో అదొకటి.

లాభం లేదని ఎవరూ రాని చోటికి కరెంటు తెచ్చింది రైతుల సంఘమే. సర్కారు అప్పు ఇచ్చింది నిజమే, కానీ కలిసి నిలబడ్డది రైతులు. ఇయ్యాల మన సొసైటీ మీటింగు అంటే పోనోళ్లే ఎక్కువ. ఈ ముచ్చట వాళ్లకు కూడా చెప్పండి.

మీ ఊరికి కరెంటు ఏ ఏడు వచ్చింది? ఇంట్లో పెద్దోళ్లను అడిగి కింద రాయండి.