బూజు నుంచి పెట్రోలు బంకు దాకా: వరిగడ్డి ఇథనాల్ రాజకీయ చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మహాసముద్రపు సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం బూజుతో కూడా పోరాడవలసి వచ్చింది. ఆ తేమ వాతావరణంలో నూలు గుడారాలు, యూనిఫాంలు, సంచులు నెలల వ్యవధిలోనే చివికిపోయేవి. కారణం కనుగొని నివారించే పనిని సైన్యం తన శాస్త్రవేత్తలకు అప్పగించింది. వారిలో ఒకరైన ఎల్విన్ రీస్, ఆ శిలీంధ్రం స్రవించే ఎంజైములు నూలులోని సెల్యులోజును చక్కెరగా విడగొట్టే తీరును పరిశోధించారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని నేటిక్ సైనిక ప్రయోగశాలలో మేరీ మాండెల్స్‌తో కలిసి ఆ పరిశోధనను దశాబ్దాలపాటు సాగించారు. 1977లో ఆ శిలీంధ్రానికి ఆయన పేరు మీదుగానే ట్రైకోడెర్మా రీసీ అని నామకరణం జరిగింది.

1973 నాటి చమురు సంక్షోభం ఆ పరిశోధన దిశను తలకిందులు చేసింది. కుళ్లును ఎలా ఆపాలన్న ప్రశ్న పోయి, ఎలా వేగవంతం చేయాలన్న ప్రశ్న వచ్చింది. గడ్డి, కంకి బెండ్లు, చెరకు పిప్పి, కలప పొట్టు అన్నింటిలోనూ ఉన్నది ఆ సెల్యులోజే. దానిని చక్కెరగా మార్చి పులియబెడితే ఇథనాల్ వస్తుంది. ఆమ్లంతో ఈ పని చేయవచ్చని ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు హెన్రీ బ్రాకొనో 1819లోనే పాత గుడ్డపేలికలతో నిరూపించారు. అయితే ఆమ్లం యంత్రాలను తినేస్తుంది, పుట్టిన చక్కెరలో కొంత భాగాన్నీ చెడగొడుతుంది. ఎంజైముకు ఆ దోషం లేదు. దాని ఇబ్బంది వేరు. మొక్క కణజాలంలో సెల్యులోజును లిగ్నిన్ అనే గట్టి పదార్థం కవచంలా చుట్టి ఉంటుంది. ముందుగా ఆవిరితోనో, పలుచని ఆమ్లంతోనో ఆ కవచాన్ని సడలించనిదే ఎంజైము లోపలికి చేరదు. ఈ ప్రాథమిక శుద్ధి ఖర్చు, ఎంజైము ఖర్చు కలిసే ఈ ఇంధనాన్ని ఖరీదైనదిగా నిలిపాయి.

ఆ ఖరీదును చట్టంతో జయించాలని మొదట ప్రయత్నించినది అమెరికా. 2022 నాటికి ఏటా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజు ఇంధనం వాడాలని 2007లో అక్కడి కాంగ్రెస్ లక్ష్యం విధించింది. ఆ భరోసాతో భారీ కర్మాగారాలు వెలిశాయి. కాన్సస్ రాష్ట్రంలోని హ్యూగటన్‌లో 2014లో అబెంగోవా ప్రారంభించిన కర్మాగారం, మాతృసంస్థ దివాలాతో చేతులు మారింది. అయోవా రాష్ట్రంలో డ్యుపాంట్ 2015లో ప్రారంభించిన కర్మాగారాన్ని 2017లో అమ్మకానికి పెట్టారు. అదే రాష్ట్రంలోని ఎమెట్స్‌బర్గ్ కర్మాగారం 2019లో ఇథనాల్ ఉత్పత్తి నిలిపివేసింది. ఇటలీలోని క్రెషెంటీనో కర్మాగారానిదీ దాదాపు ఇదే కథ. ప్రయోగశాలలో లొంగిన గడ్డి కర్మాగారంలో లొంగలేదు. మట్టి, ఇసుకతో కలిసి వచ్చే గడ్డి గొట్టాలను అరగదీసింది, పూడ్చేసింది. పార్లమెంటు గిరాకీని శాసించగలదు కానీ, పొలంలోని గడ్డిని మోసుకురాలేదు.

భారతదేశంలో ఇథనాల్ విధానం వయసు దాదాపు గణతంత్రమంత ఉంటుంది. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన ఆల్కహాలును పెట్రోలులో కలిపేందుకు 1948లోనే పవర్ ఆల్కహాల్ చట్టం వచ్చింది. 2000లో దానిని రద్దు చేసిన తరువాత, 2003లో తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో అయిదు శాతం మిశ్రమంతో కొత్త అధ్యాయం మొదలైంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం వ్యవసాయ వ్యర్థాల నుంచి తీసే 'రెండో తరం' ఇథనాల్‌కు పెద్దపీట వేసింది. 2019లో కేంద్ర మంత్రివర్గం రూ.1,969.50 కోట్లతో ప్రధానమంత్రి జీ-వన్ యోజనను ఆమోదించి, 12 వాణిజ్య కర్మాగారాలను, 10 నమూనా కర్మాగారాలను 2023–24 నాటికి తేవాలని సంకల్పించింది. ఆ గడువును 2024లో 2028–29కి పొడిగించవలసి వచ్చింది.

2022 ఆగస్టు 10న ప్రధాని జాతికి అంకితం చేసిన పానిపట్ కర్మాగారం ఈ ప్రయాణంలో పెద్ద మజిలీ. రూ.900 కోట్లకు పైగా ఖర్చుతో ఇండియన్ ఆయిల్ నిర్మించిన ఈ కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది లక్ష్యం. ఒక్క పంజాబ్‌లోనే ఏటా వచ్చే వరిగడ్డి దాదాపు 2 కోట్ల టన్నులు. అంటే పానిపట్ పూర్తి సామర్థ్యంతో నడిచినా పంజాబ్ గడ్డిలో ఒక శాతానికే సరిపోతుంది.

మిగిలిన గడ్డిలో చాలా భాగం ఎందుకు తగలబడుతోందో అర్థం కావాలంటే మరొక చట్టం దగ్గరకు వెళ్లాలి. అడుగంటుతున్న భూగర్భ జలాలను కాపాడేందుకు పంజాబ్ 2009లో చేసిన చట్టం వరినాట్లను జూన్ 10 తరువాతకు జరిపింది. నాట్లు జరిగితే కోతలూ జరుగుతాయి. కోతకు, గోధుమ విత్తనానికి మధ్య రైతుకు మిగిలేది రెండు మూడు వారాలు. హార్వెస్టర్ వదిలిన కొయ్యకాళ్లను తీయడానికి కూలీలూ దొరకరు, సమయమూ ఉండదు. అగ్గిపుల్ల ఒక్కటే చవక. కాల్చని చిన్న రైతులకు క్వింటాలుకు రూ.100 ఇవ్వాలని 2019 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2020 డిసెంబరులో ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించిన రైతుల నాలుగు ప్రధాన డిమాండ్లలో, గడ్డి కాల్చినందుకు శిక్షలు వద్దన్నది ఒకటి. అయినా 2024 నవంబరులో కేంద్రం జరిమానాలను రెట్టింపు చేసి, అయిదెకరాలు మించిన రైతుకు రూ.30 వేలుగా నిర్ణయించింది. గడ్డిని కొనే కర్మాగారాలకు గడువు పొడిగింపు దక్కింది, కాల్చే రైతుకు జరిమానా పెరిగింది. ఒకే ఏడాదిలో తీసుకున్న ఈ రెండు నిర్ణయాలూ పక్కపక్కన పెట్టి చూడదగినవి.

గడ్డి దారి మూసుకుపోతే ఇథనాల్ లక్ష్యం ఆగలేదు. అది గింజ దారి పట్టింది. 20 శాతం మిశ్రమానికి 2030 వరకున్న గడువును ప్రభుత్వం 2025–26కి ముందుకు జరిపింది. వలస కూలీలు నడిచి ఇళ్లకు పోతున్న 2020 ఏప్రిల్‌లోనే, భారత ఆహార సంస్థ గోదాముల్లోని మిగులు బియ్యాన్ని ఇథనాల్‌కు మళ్లించేందుకు అనుమతి లభించింది. ధరలు పెరిగినప్పుడు 2023 జులైలో ఆ సరఫరాను ఆపారు, తరువాత మళ్లీ తెరిచారు. చెరకు రసంపై 2023 డిసెంబరులో ఆంక్షలు వచ్చాయి. మొక్కజొన్న గిరాకీ కోళ్ల దాణాతో పోటీకి దిగింది. 2023–24 సరఫరా సంవత్సరంలో పెట్రోలులో కలిసిన ఇథనాల్ 700 కోట్ల లీటర్లకు పైనే. పానిపట్ పూర్తి లక్ష్యం అందులో అర శాతానికి కూడా చేరదు. వ్యర్థం పేరుతో మొదలైన విధానం ఆచరణలో ప్రధానంగా చెరకు, బియ్యం, మొక్కజొన్నల విధానంగా మిగిలింది.

ఈ మళ్లింపు సెగ తెలుగునేలకూ తాకింది. తెలంగాణలో నారాయణపేట జిల్లా చిత్తనూరు, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ గ్రామాల ప్రజలు ఇథనాల్ కర్మాగారాలను వ్యతిరేకిస్తూ రోడ్డెక్కారు. నీటి గురించి, గాలి గురించి వారు లేవనెత్తిన భయాలకు తలొగ్గి 2024 నవంబరులో దిలావర్‌పూర్ పనులను అధికారులు నిలిపివేశారు. అవి గడ్డితో కాక గింజలతో నడిచే కర్మాగారాలు. పైగా పాడి ఉన్న తెలుగు ఇంట వరిగడ్డి వ్యర్థం కాదు, ఏడాది పొడవునా పశువుల కడుపు నింపే గడ్డివాము. పంజాబ్ కోసం రాసిన పరిష్కారాన్ని ప్రతి జిల్లాకూ ఒకే కొలతతో కుట్టడం సాధ్యం కాదు.

అస్సాంలోని నుమాలిగఢ్ మరో దారి పట్టింది. అక్కడ 2025 సెప్టెంబరులో ప్రారంభమైన కర్మాగారానికి ముడిసరుకు వెదురు. 1927 అటవీ చట్టం వెదురును చెట్టుగా పరిగణించేది. అడవి బయట పెరిగిన వెదురుకు 2017లో ఆ ముద్ర తొలగించడంతో, రైతు దానిని నరికి అమ్ముకునే దారి సుగమమైంది. రైతుకు అమ్ముకునే హక్కు ఏర్పడిన తరువాత అక్కడ కర్మాగారం వచ్చింది. పానిపట్‌లో ఈ క్రమం తిరగబడింది. బేలర్లు, నిల్వ స్థలాలు, గడ్డికి భరోసా ధర కుదరకముందే ప్రారంభోత్సవం జరిగింది. బూజు తన పని నేర్పి ఎనభై ఏళ్లవుతోంది. మూడు వారాల్లో పొలం ఖాళీ చేయవలసిన రైతు నుంచి ఆ గడ్డిని ఎవరు, ఎంతకు కొంటారన్న ప్రశ్నకు మాత్రం బడ్జెట్లు, న్యాయస్థానాలు, జరిమానాలు ఇంకా జవాబు చెప్పవలసే ఉంది.