చూసొస్తానన్నా నమ్మని కాయితం (వలస చరిత్ర – తరువాయి భాగం)



పోయిన భాగంలో కోరంగి రేవు గురించి రాశాను. అక్కడి నుంచి ఓడెక్కినందుకే మన తెలుగోళ్ళకు బర్మాలో, మారిషస్‌లో కొరింగీలు అని పేరొచ్చింది. ఈసారి ఓడ గురించి కాదు, కాయితం గురించి. టూరిస్టు వీసా గురించి.

టూరిస్టు వీసా అంటే ఏంది? ‘చూసి తిరిగొస్తాను’ అనే మాటకు సాక్ష్యం. కొన్ని దేశాలు ఆ సాక్ష్యం ముందే, ఇక్కడి కాన్సులేట్‌లో అడుగుతాయి. కొన్ని విమానం దిగాక కౌంటర్ దగ్గర అడుగుతాయి. ఎక్కడ అడిగినా ప్రశ్న ఒకటే: తిరిగి పోవడానికి మీ ఊర్లో నీకు ఏముంది? బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం లెటర్, ఆస్తి పత్రాలు, రిటర్న్ టికెట్ చూపించు.

మన తాతలను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. 1834 నవంబర్ 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో మారిషస్ చేరింది. తర్వాతి ఏళ్ళలో మద్రాసు వైపు నుంచి తెలుగోళ్ళూ, తమిళులూ పోయారు. 1860లో ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి నటాల్ పోయింది. చెరుకు తోటకు చేతులు కావాలి కాబట్టి దొర బ్యాంకు లెక్క అడగలేదు. పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, ఒంటి మీద మచ్చలు రాసుకున్నాడు. కులం కూడా రాసుకున్నాడు. 1867 చట్టంతో మారిషస్‌లో ఒప్పందం ముగిసిన కూలీ తన ఫోటో ఉన్న టికెట్ ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. లేకుంటే దేశదిమ్మరి కింద పట్టుకునేవాళ్ళు. గుర్తింపు కాయితం మీద బొమ్మ ముందు కూలీకే పడింది. పాస్‌పోర్టు ఫోటో ఆ తర్వాతి సంగతి.

అదే కాలంలో సముద్రం దాటితే మైల అని నమ్మినవాళ్ళు ఎవరు? 1888లో లండన్ పోయినందుకు గాంధీని ఆయన మోఢ్ బనియా కులమే వెలివేసింది. 1913లో బాబాసాహెబ్ బరోడా స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ పోయారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు పాస్‌పోర్టు చాలా చోట్ల తప్పనిసరి కాదు.

తర్వాత గేట్లు పడ్డాయి. 1908లో కెనడా, పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వస్తేనే రానిస్తామంది. మనవాళ్ళను ఆపడానికే ఆ రూలు. 1914లో కొమగాటమారు ఓడ 376 మందితో వాంకూవర్ పోతే, చాలామందిని దిగనీయకుండా రెండు నెలల తర్వాత తిప్పి పంపారు. 1920లో ఇండియన్ పాస్‌పోర్ట్ చట్టం వచ్చింది.

గేటు పరాయోళ్ళదే అనుకోకండి. 1948 నుంచి 1962 దాకా కామన్వెల్త్ పౌరులు బ్రిటన్‌లో అడుగు పెట్టడానికి వీసా అక్కర్లేదు. అప్పుడు పేదోణ్ణి ఆపింది ఢిల్లీ. చదువుందా, డబ్బుందా, తిరిగి తెచ్చుకునే ఖర్చుకు హామీ ఉందా అని చూసి పాస్‌పోర్టు ఇచ్చేవాళ్ళు. కూలీ బయటికి పోతే దేశం పరువు పోతుందట! చరిత్రకారిణి కళాత్మిక నటరాజన్ ఈ వివక్ష మీదే పరిశోధన చేశారు.

1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో సుప్రీంకోర్టు, విదేశం పోవడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 3–2 తేడాతో తేల్చింది. ఆ కేసు వేసింది ఒక వ్యాపారి. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. 1983 ఎమిగ్రేషన్ చట్టం తర్వాత మళ్ళీ గీత పడింది. నేడు పది పాసైతే ఒక రకం పాస్‌పోర్టు, కాకపోతే ఇంకో రకం. 2018 జనవరిలో ఆ రెండో రకం వాళ్ళకు నారింజ రంగు అట్ట వేస్తామన్నారు. గొడవ అయ్యాక ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. అట్ట ఆగింది, గీత ఆగలేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా పెద్దమ్మకు మొన్న ఒక దేశం టూరిస్టు వీసా ఇవ్వలేదు. కూతురు పురుడు చూసి రావాలని అడిగింది. తిరిగి వస్తుందని నమ్మకం కలగలేదని రాశారు. ఫారం నింపింది నేనే. ఆస్తి విలువ సర్టిఫికెట్ కోసం పోతే, ఆమెకున్నది ఎకరం అసైన్డ్ భూమి కాబట్టి మార్కెట్ విలువ రాయలేమన్నారు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. దొరలు కొట్టేయకుండా పెట్టిన నిషేధం అది, మంచిదే. కానీ తరాల తర్వాత దక్కిన ఎకరానికి వీసా లెక్కలో విలువ సున్నా.

పెద్దమ్మ నన్ను అడిగింది: ‘ఆడనే ఉండిపోతనా బిడ్డా? నా బర్రెలెవరు చూస్తరు?’

ఆమె తిరిగి రావడానికి అంతకంటే పెద్ద కారణం ఏముంది? ఆ ఫారంలో బర్రెలకు గడి లేదు.

ఇప్పుడు మారిషస్‌కు మనం ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. కౌంటర్ దగ్గర రిటర్న్ టికెట్, బస, ఖర్చులకు డబ్బు చూపిస్తే చాలు. అదే పోర్ట్ లూయీలో కూలీలు దిగి ఎక్కిన 16 మెట్లున్నాయి. అప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కూలీగా ఆ మెట్లు ఎక్కడానికి ఒళ్ళు ఉంటే చాలింది. చుట్టంగా చూడటానికి ఆస్తి కావాలి. మా వాడలో ఎంతమంది చూడగలరు?

మనం చేయాల్సింది మనం చేద్దాం. పిల్లల్ని పది దాటించండి. ఇంటి పట్టాలో ఆడవాళ్ళ పేరు రాయించండి. అవసరం రాకముందే పాస్‌పోర్టుకు పెట్టండి. వీసా కాదంటే కారణం కాయితం దాచుకోండి, మళ్ళీ పెట్టేటప్పుడు దానికే జవాబు చెప్పాలి. పెద్దమ్మది మళ్ళీ పెడుతున్నాం. ఈసారి పాలకేంద్రం పాసుబుక్కు కూడా జత చేస్తున్నాను.

వచ్చే భాగంలో గల్ఫ్‌కు పోయిన మన ఆడబిడ్డల గురించి రాస్తాను.

జై భీమ్.