రాత్రి ఆకాశమునుండి ఇందూరు

నిజామాబాదునుండి బోధనుకు సుమారు 25 కిలోమీటర్ల దూరము. గంటకు 200 కిలోమీటర్ల వేగముతో ఎగురు హెలికాప్టరుకు ఇది ఎనిమిది నిమిషముల ప్రయాణము. అమెరికాలో లాస్‌వేగాస్, న్యూయార్కు వంటి నగరములలో రాత్రివేళ దీపకాంతిని చూపుటకై హెలికాప్టర్లు యాత్రికులను ఎక్కించుకొని తిరుగుచుండును. అట్టి విహారమే ఇందూరు ప్రాంతముపై జరిగినచో ఏమి కనిపించును? వెలుగు ఉన్నచోట ఎందుకున్నది, లేనిచోట ఎందుకు లేదు?

భూమి గుండ్రముగా ఉండుటచేత చూపునకు ఒక హద్దు కలదు. 300 మీటర్ల ఎత్తునకు లేచినవానికి ఆ హద్దు అరువది కిలోమీటర్లకు కొంచెము పైగా ఉండును. కావున నిజామాబాదు రైల్వేస్టేషనుపై నిలిచిన హెలికాప్టరునుండి పడమట బోధను దీపములు, తూర్పున ఆర్మూరు దీపములు ఏకకాలమున కన్పట్టును. ఆకాశము నిర్మలముగా నున్నచో నిజాంసాగరు ఆనకట్టకూడ దక్షిణపు టంచున చూపుమేరలోనికి వచ్చును.

రాత్రివేళ పైనుండి పట్టణమును చూచు ముచ్చట హెలికాప్టరుతో పుట్టినది కాదు. 1836 నవంబరు 7వ తేదీన చార్లెస్ గ్రీన్, మాంక్ మేసన్, రాబర్ట్ హాలండ్ అను మువ్వురు లండనునుండి బెలూనులో బయలుదేరి, రాత్రి యంతయు ప్రయాణించి, మరునాటి ఉదయము జర్మనీలోని వైల్‌బుర్గు వద్ద దిగిరి. దారిలో బెల్జియములోని లియేజ్ నగరముపై పోవునపుడు వారికి ఇనుప కొలుముల మంటలు, వీధుల గ్యాసుదీపములు దివ్యముగా కనిపించెను. అర్ధరాత్రి దాటినది, దీపములు ఒక్కొక్కటిగా ఆరిపోయినవి. పిమ్మట ఆవరించిన చీకటి ఎంత దట్టమనగా, నల్లని చలువరాతి దిమ్మను తొలుచుకొని పోవుచున్నట్లు తోచినదని మేసన్ వ్రాసినాడు. గృహస్థుల దీపములు పదిగంటలకు ఆరిపోవును. కొలుము మాత్రము ఆరదు. ఆకాశమునుండి రాత్రిని చూచినవారికి మొట్టమొదట తెలిసిన సంగతి ఇదియే. బోధను కథకుకూడ ఇది అవసరము.

విమానములు వచ్చిన తరువాత నేలమీది వెలుగు వేడుకవస్తువుగాక దారిచూపు గుర్తైనది. 1921 ఫిబ్రవరిలో అమెరికాలో జాక్ నైట్ అను వైమానికుడు తపాలాసంచులతో రాత్రివేళ నార్త్‌ప్లాట్‌నుండి షికాగోకు పోవుచుండగా, దారిపొడుగున జనులు నెగళ్లు వేసి అతనికి త్రోవ చూపిరి. మన దేశములో 1949 జనవరి 30వ తేదీన రాత్రి విమానతపాలా ప్రారంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపురములో కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారునప్పటికి ఎవరి ఊరికి వారు చేరుచుండెడివి. హైదరాబాదులోని బేగంపేట కేంద్రముగా నున్న డెక్కన్ ఎయిర్‌వేస్‌కూడ కొంతకాలము ఈ సర్వీసును నడిపినది. తక్కువ చార్జీకి ఆశపడి ఆ విమానములలో నిద్ర కాచుకొనుచు ప్రయాణించినవారును కలరు. దేశములో రాత్రి ఆకాశమునుండి ఊళ్ల దీపములను చూచిన తొలి సామాన్య ప్రయాణికులలో వారిని చేర్చవలెను.

హెలికాప్టరు వీటన్నిటికంటె చిన్నది. సికార్‌స్కీ నిర్మించిన వి.ఎస్.-300 అను యంత్రము 1939 సెప్టెంబరులో మొదటిసారి నేలవిడిచినది. భారత వైమానికదళము 1954లో ఎస్-55 హెలికాప్టర్లను సంపాదించుకొన్నది. ఉన్నచోటనే గాలిలో నిలువగలుగుట దీని ప్రత్యేకత. నగరమును తీరికగా చూచుటకు ఇంతకంటె మంచి సాధనము లేదు. కాని రాత్రి దానికి గడ్డుకాలము. ఇంజను ఆగినచో హెలికాప్టరు రాయివలె పడిపోదు. క్రిందినుండి వచ్చు గాలి రెక్కలను త్రిప్పుచుండగా అది ఏటవాలుగా దిగును. 300 మీటర్లనుండి దిగుటకు ముప్పాతిక నిమిషమునకు మించి పట్టదు. అంతలో వైమానికుడు చదునైన నేలను ఏరుకొనవలెను. పగలైనచో కోసిన వరిమడి కనబడును. చీకటిలో వరిమడియు, చెరకుతోటయు, చెరువును ఒక్కతీరుగనే ఉండును. విద్యుత్తు తీగలు అసలే కనబడవు. మానవుని కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడుటకు అరగంట పట్టును. ఒక్క ప్రకాశవంతమైన దీపము ఆ అలవాటును క్షణములో చెడగొట్టును. వెలుగుచున్న నగరమును తనివితీర చూచి చీకటి పొలములవైపు తిరిగినవాడు కొంతసేపు గ్రుడ్డివానితో సమానమే.

ఈ కారణమువలననే, నేలను కంటితో చూచుచు నడుపు విమానయానము సూర్యాస్తమయమైన ఇరువది నిమిషములనుండి సూర్యోదయమునకు ఇరువది నిమిషముల ముందువరకు జరుగరాదని మన దేశపు నిబంధన. విమానాశ్రయమువద్ద నియంత్రణాధికారులు అనుమతించిన కొన్ని స్థానిక యానములకే మినహాయింపు కలదు. నిబంధన కఠినమనిపించవచ్చును. 2018 మార్చి 11న న్యూయార్కులో సాయంసంధ్యవేళ నగరశోభను ఫొటోలు తీయించుటకు తలుపులు విప్పి ఎగిరిన హెలికాప్టరు ఇంజను ఆగి ఈస్ట్ నదిలో దిగినది. తలక్రిందులైన యంత్రమునుండి, ఒడలికి బిగించిన పట్టీలను విడిపించుకొనలేక ఐదుగురు ప్రయాణికులును మరణించిరి. నిబంధనల విలువ ఇట్టి సందర్భములలో తెలియును.

కనుక ఇందూరు విహారము ప్రస్తుతమునకు మనస్సులో జరుగవలసినదే. పట్టణముపైనుండి చూచినపుడు బజారుల కాంతి నడుమ ఒక నల్లని గుట్ట కనిపించును. అది ఇందూరు కోట. నిజాము పాలన తుదిదినములలో అది కారాగారము. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి కృష్ణమాచార్యులు అచ్చట బందీలుగా ఉండిరి. దాశరథి బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసినది ఆ చీకటిలోనే. పట్టణమునకు నిజామాబాదు అను పేరు ఇరువదవ శతాబ్ది ఆరంభమున రైలుమార్గపు దినములలో వచ్చినది. ఆ మార్గము సికిందరాబాదునుండి మన్మాడుకు పోవును. పైనుండి చూచిన రైలుదారి నల్లని గీత. స్టేషన్లు మాత్రమే పూసలవలె మెరయును.

పట్టణము దాటి పడమటికి తిరిగినచో వెలుగు పలుచబడును. అలీసాగరు జలాశయము మచ్చవలె నల్లగా నుండి, వెన్నెల ఉన్ననాడు తళుక్కుమనును. అక్కడక్కడ పొలములలో మోటారుకొట్టముల బల్బులు మిణుకుమనుచుండును. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు వచ్చినది. అంతకుముందు కరెంటు వంతు రాత్రి వచ్చినపుడు రైతులు టార్చిలైటు పట్టుకొని, పాములకు వెరచుచు గట్లవెంబడి పోవలసివచ్చెడిది. పైనుండి చూచువానికి ఆ కదలు చుక్కలు ముచ్చటగా ఉండవచ్చును. నడచువాని కష్టము వేరు.

ఈ పొలములకు జీవము మంజీరనది. నవాబు అలీ నవాజ్ జంగ్ అను ఇంజనీరు ఆధ్వర్యమున 1923లో ఆరంభమైన నిజాంసాగరు నిర్మాణము 1931లో ముగిసినది. కాలువనీరు పారిన నేలలో చెరకు పండినది. చెరకు ఉన్నందున 1937-38లో బోధనువద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసినది; దానిచుట్టు శక్కర్‌నగరు అను ఊరే ఏర్పడినది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని దానికి పేరు.

చక్కెర కర్మాగారము రాత్రి నిద్రపోదు. దీనికి రసాయనశాస్త్రము కారణము. కోసిన చెరకులోని సుక్రోజు గంటగంటకు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవుచుండును; ఇవి గట్టి పలుకులుగా పేరుకొనవు, మడ్డిలోనికి పోవును. ఆలస్యమైనకొలది రైతుకు బరువు, కర్మాగారమునకు చక్కెర తగ్గును. అందుచేత సీజను ఆరంభమైన తరువాత, శీతకాలమంతయు, రేయింబవళ్లు గానుగలు ఆడవలసినదే. రసము తీయగా మిగిలిన పిప్పినే కొలిమిలో కాల్చి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో యంత్రములను, దీపములను నడుపుట చక్కెర పరిశ్రమలో మామూలు. చెరకే తన్ను తాను వండుకొనును, తనకు తానే దీపము పెట్టుకొనును. కర్మాగారపు ఆవరణలో దీపకాంతి, బయట వంతుకై నిలిచిన బండ్ల బారు, ఇరుసుక్రింద వ్రేలాడు లాంతర్లు: సీజనులో శక్కర్‌నగరు లియేజ్ కొలుములకు తీసిపోని దృశ్యము.

2002లో ఈ సంస్థలో 51 శాతము వాటా ప్రైవేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి కర్మాగారమును మూసివేసిరి. చెరకు వేసినవారు ఇతర పైరులకు మరలవలసివచ్చినది. గానుగతోపాటు రాత్రి వెలుగును ఆగినది.

హెలికాప్టరు చేయలేని పరిశీలన ఉపగ్రహములు చేయుచున్నవి. 2011 అక్టోబరు 28న ప్రయోగించిన సువోమీ ఎన్.పి.పి. అను అమెరికా ఉపగ్రహము ప్రతిరాత్రి సుమారు ఒకటిన్నర గంటకు మనపై పోవుచు, ముప్పాతిక కిలోమీటరు చదరపు గడులుగా నేలవెలుగును కొలుచును. ఆ చిత్రములకు నాసా వారు పెట్టిన పేరునకు నల్లని చలువరాయి అనియే అర్థము! అపోలో-17 తీసిన నీలిగోళపు చిత్రము పేరును అనుసరించి పెట్టినదే గాని దీనికి మేసన్‌తో పనిలేదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము వారుకూడ 2012 నుండి 2021 వరకు దేశపు రాత్రివెలుగులో కలిగిన మార్పులను పటములుగా ప్రకటించిరి. ఇండ్లు నిద్రించు ఆ వేళలో రాత్రిపాళీ నడచు కర్మాగారము స్పష్టముగా బయటపడవలెను. బోధనులో గానుగ ఆడిన చివరి సీజన్లు ఈ ఉపగ్రహపు కాలములోనివే.

అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఈ ఉపగ్రహపు కన్ను నీలికాంతిని సరిగా గ్రహింపదు. 2015నుండి దేశములోని పట్టణములలో పసుపుపచ్చని సోడియము దీపములకు బదులు తెల్లని ఎల్.ఇ.డి. దీపములు వచ్చినవి; వానిలో నీలిపాలు హెచ్చు. వీధి మునుపటివలె వెలుగుచున్నను పటములో మసకబారినట్లు కనిపించవచ్చును. అదే సంవత్సరము కర్మాగారము నిజముగనే చీకటిపడినది. రెండును ఒకే తీరు మచ్చలు. ఏది దీపము మార్పో, ఏది మూతబడిన గానుగో పటము చెప్పదు, బోధనువానిని అడుగవలెను.

వైమానికునికిని ఇదే ఇబ్బంది. కర్మాగారములలో ఎత్తైన పొగగొట్టములు ఉండును. విమానములకు గుర్తుగా వాని కొనలపై రాత్రివేళ ఎర్రదీపము పెట్టుదురు. కరెంటు ఆగిన ఆవరణలో ఆ దీపముకూడ వెలుగునన్న నమ్మకము లేదు. నల్లగా కనిపించుచోట చెరువున్నదో, పొలమున్నదో, గొట్టమున్నదో అతడు బయలుదేరుటకు ముందే పటములో చూచి గుర్తుపెట్టుకొనవలెను.