ప్రాథమిక పాఠశాలలో చిత్రకళ: గోదావరి గట్టు చెప్పే చరిత్ర

మన ప్రాథమిక పాఠశాలలో చిత్రలేఖనానికి దక్కిన స్థానమేమిటి? పంద్రాగస్టుకు రంగుకాగితాలు అతికించడం, తనిఖీకి ముందు గోడమీద బొమ్మలు వేయించడం, పుస్తకంలో అచ్చయిన మామిడిపండుకు రంగు పూయడం. చాలా బళ్లలో ఇంతకుమించి లేదు. ఈ దుస్థితికి ఉపాధ్యాయుని సోమరితనాన్ని నిందించి ప్రయోజనం లేదు. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. అందులో రెండు ఘట్టాలు మన గోదావరి గట్టునే, నాలుగైదు మైళ్ల ఎడంలో జరిగాయి.

మొదటిది ధవళేశ్వరం. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా సాగిన ఆ నిర్మాణానికి వేలాది కూలీల చేతులు కావలసివచ్చాయి; కొలత తప్పని పటాలూ కావలసివచ్చాయి. ఊళ్లో వర్కుషాపులు వెలిశాయి. పటం గీసేవాడు, పటం చదివి పని చేయించేవాడు, పటం సంగతే తెలియక రాయి మోసేవాడు అని శ్రమ మూడు అంతస్తులుగా చీలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1850లో, డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో కళాపాఠశాల తెరిచాడు. కొద్ది ఏళ్లకే ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని పారిశ్రామిక కళల పాఠశాల అన్నది. పేరులోనే ఉద్దేశం బయటపడుతుంది. ఈ దృష్టిలో చిత్రలేఖనమంటే కంటినీ చేతినీ కొలతకు అలవాటు చేయడం. సరళరేఖ, వంపుగీత, ఘనం, స్తూపం, చివరకు నమూనాకు నకలు: ఈ వరుసే డ్రాయింగు పరీక్షలకూ, డ్రాయింగు మాస్టర్లకూ, వారి ద్వారా బళ్లకూ సంక్రమించింది. కొలతను చిన్నచూపు చూడరాదు. కొలత లేనిదే ఆనకట్ట లేదు, డెల్టాలో పంట లేదు. కాని పిల్లవాడు తాను చూసినదాన్ని చెప్పుకొనే చోటు ఆ చదువులో లేదు.

రెండవది రాజమహేంద్రవరం. 1909 నుంచి 1919 వరకు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. దామెర్ల రామారావునూ, అడివి బాపిరాజునూ గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో రామారావు బొంబాయి జె.జె. కళాపాఠశాలకు పోవడానికి కారకుడు ఆయనే. తిరిగివచ్చిన రామారావు స్వస్థలంలోనే చిత్రకళా సంస్థను నెలకొల్పి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో కన్నుమూశాడు. వరద వెంకటరత్నం ఆ పని కొనసాగించాడు. ఇది మనం గర్వించవలసిన వారసత్వం. అయితే కూల్డ్రే కంట పడినది కాలేజీ మెట్లు ఎక్కగలిగిన యువకుడు. బలపం పట్టవలసిన ఈడులో కూలికి పోయిన పిల్ల ఆయన కంట పడే వీలేది?

ఇట్లా ఒక పక్క కూలివాడికి కొలత, మరొక పక్క ప్రతిభావంతునికి కళ. నడుమ ఎలిమెంటరీ స్కూలు పిల్లవాడు మిగిలిపోయాడు. రామారావు పుట్టిన 1897లోనే వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల కోసమే కళాతరగతి తెరిచి, వాళ్లను నకలు చేయనివ్వక, తోచింది గీయనిచ్చాడన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ విషయం. మనదేశంలో 1937 వార్ధా మహాసభ తరువాత జాకిర్ హుసేన్ సంఘం సిద్ధంచేసిన మౌలిక విద్యా ప్రణాళిక చిత్రలేఖనాన్ని పాఠ్యాంశంగా చేర్చింది. శ్రమనూ కళనూ ఒకే బల్ల మీదికి తెచ్చిన ఆలోచన అది. ఆచరణలో రాట్నం మిగిలింది, కుంచె జారిపోయింది.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు చూడండి. కళావిద్యకు పార్ట్‌టైం బోధకుని అది చెప్పింది ఆరు నుంచి ఎనిమిది తరగతులకే. అదీ పిల్లలు నూరుమందికి మించితేనే. ఒకటి నుంచి అయిదు వరకు ఆ ఊసే లేదు. డబ్బున్న ఇంటి పిల్లకు సాయంత్రం ప్రయివేటుగా కళ దొరుకుతుంది. చేపలు పట్టేవాని పిల్లకు బడి తప్ప వేరే చోటు లేదు. బడిలో లేనిది ఆమెకు ఎక్కడా లేనట్టే.

ఏం చేయాలి? ధవళేశ్వరంలోనే చూద్దాం. ఇక్కడ వరద మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండవది 13.75కు, మూడవది 17.75కు. పిల్లలచేత బడి ఆవరణలో ఆ కొలతలను ముగ్గుపిండితో గీయించండి. 1986 ఆగస్టు వరద నాడు తమవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో ఇంట్లో అడిగి వచ్చి బొగ్గుతో బొమ్మ వేయమనండి. ఒండ్రుమట్టితో లంకలు చేయించండి. ముగ్గు నేర్పిన తల్లిని, కుండ చేసే కుమ్మరిని తరగతికి పిలవండి. ఇందులో కాటన్ కొలతా ఉంది, పిల్లవాడి కన్నూ ఉంది. పటం చదవలేక రాయి మోసినవారి మునిమనుమలు తమ నదిపటం తామే గీస్తారు.

దీనికి ఖర్చు స్వల్పం. కావలసింది వారానికి రెండు పీరియడ్లు, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు. ఆ ఉద్యోగాన్ని ఒకటవ తరగతి నుంచే మంజూరు చేయమని ఉపాధ్యాయ సంఘాలూ విద్యార్థి సంఘాలూ కలిసి అడగాలి. జీతాలతో, ఫీజులతో సమానంగా అడగవలసిన కోరిక ఇది.