తిరువళ్లూరులో అహోబిల మఠము

అమావాస్యనాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోవెలకు పోయి, హృత్తాపనాశిని పుష్కరిణిలో బెల్లము కలిపి మ్రొక్కు తీర్చుకొనువారు మన ఆంధ్రులలో ఎందరో కలరు. ఆ కోవెల నిర్వహణము తెలుగు కొండలలో పుట్టిన అహోబిల మఠమువారిదని ఎరిగినవారు మాత్రము కొలదిమందే.

అహోబిలము నేటి నంద్యాల జిల్లాలోనిది. మేల్కోటలో జన్మించి, కంచిలో చదివిన యొక యువకుడు క్రీ.శ. 1400 ప్రాంతమున అచ్చటికి రాగా, నృసింహస్వామియే వృద్ధయతి రూపమున సన్యాసమొసగి ఆదివణ్ శఠకోపుడని పేరిడెనని మఠ సంప్రదాయము. ఊరూర తిరిగి బోధింపుమని స్వామి ఆజ్ఞ యట. అందుచేతనే జీయర్లు మాలోల నరసింహుని ఉత్సవమూర్తిని వెంటనుంచుకొని సంచారము చేయుదురు. కన్నడసీమలో పుట్టుక, తమిళసీమలో చదువు, తెలుగుసీమలో పీఠము! మన అల్లసాని పెద్దనకు గురువు కూడ శఠకోపయతియే గదా!

ఈ మఠమునకు కష్టకాలము లేకపోలేదు. 1579 ప్రాంతమున గోల్కొండ సేనలు అహోబిలమును ఆక్రమించినవి. జీయరు మొర విని శ్రీరంగరాయలు కొండరాజు వేంకటరాజును, తిరుమలరాజును పంపి దానిని విడిపించినట్లు 1584-85 నాటి అహోబిల శాసనము తెలుపుచున్నది.

ఇక కట్టడముల మాట. ఎగువ అహోబిలమున కొండగుహయే గర్భగుడి. దిగువ అహోబిలమున విజయనగర శిల్పులు చెక్కిన స్తంభముల మండపములు కలవు. తిరువళ్లూరున స్వామి శయనించియుండును. పైనున్నది విజయకోటి విమానము. ఆళ్వారులు పాడిన ఈ క్షేత్రము మఠముకంటె ఎన్నో శతాబ్దముల పెద్దది. సమీపముననే తిరుత్తణిలో, పల్లవ అపరాజితుని కాలమున, అనగా తొమ్మిదవ శతాబ్దాంతమున, నంబి అప్పి కట్టించిన వీరట్టానేశ్వరాలయము గలదు. దాని విమానము ఏనుగు వెనుకభాగమువలె గుండ్రన, అందుకే గజపృష్ఠమందురు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను దేవుని యాత్రికులు మారలేదు. ఇక్కడి కోవెల మనదని గొప్ప చెప్పుకొనుటకు కాదు ఈ మాట. పరాయిచోట నున్నామని చిన్నబోవలదనుటకు మాత్రమే.

మన పిల్లలు బడిలో తమిళలిపి నేర్చుచునే యున్నారు. ఇంట తెలుగక్షరములు కూడ నేర్పితిమా, అహోబిలపు రాళ్లును తిరుత్తణి రాళ్లును వారికి పరాయివి కావు. ఈ ఉగాదినాడే పలక చేతికిత్తము.