మాల్టా డేగ: ఇంతకీ ఆ సముద్రపు దొంగలు ఎవరు?

మొన్న ఆదివారం రాత్రి మా అబ్బాయితో కూర్చుని ఒక పాత హాలీవుడ్ సినిమా చూశాను. 1941లో వచ్చిన ‘ది మాల్టీస్ ఫాల్కన్’, అంటే మాల్టా డేగ. మొదట్లోనే తెర మీద కొన్ని అక్షరాలు వస్తాయి. 1539లో మాల్టాలోని టెంప్లర్ నైట్లు స్పెయిన్ బాద్షా ఐదో చార్లెస్‌కి జవాహరాతు పొదిగిన బంగారు డేగను నజరానాగా పంపారట. దారిలో సముద్రపు దొంగలు ఓడను పట్టుకున్నారట. ఆ డేగ ఏమైందో నేటికీ తెలియదట.

“అబ్బా, ఆ దొంగలు ఎవరు?” అన్నాడు మావాడు. సవాలు చిన్నదే. జవాబు కోసం మాత్రం మూడొందల ఏళ్ల తారీఖ్ తిరగేయాలి.

ముందు కిస్సా చెబుతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్ స్పేడ్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఉంటాడు. ఆ వేషం హంఫ్రీ బోగార్ట్‌ది. అతని భాగస్వామి హత్య అవుతాడు. ఆ హత్య వెనక నల్లరంగు పూసిన డేగ బొమ్మ, దాని కోసం పదిహేడేళ్లుగా తిరుగుతున్న గట్‌మన్ అనే భారీ ఆసామి ఉంటారు. చివరికి బొమ్మ చేతికి చిక్కుతుంది. కత్తితో గీకి చూస్తే లోపలంతా సీసం. నఖిలీ మాల్! గట్‌మన్ మళ్లీ ఇస్తాంబుల్ దారి పడతాడు. స్పేడ్ తను మనసిచ్చిన ఆడమనిషే హంతకి అని తేల్చి, పోలీసులకు అప్పగిస్తాడు. దర్శకుడు జాన్ హ్యూస్టన్‌కి ఇది తొలి చిత్రం. 1930 నాటి మూల నవల రాసిన డాషియెల్ హామెట్ ఒకప్పుడు పింకర్టన్ సంస్థలో డిటెక్టివ్‌గా నౌకరీ చేసినవాడు.

హత్య సంగతి తేలింది. డేగ సంగతి మనం తేల్చుకుందాం.

మొదటి గల్తీ టెంప్లర్లు. వాళ్ల సంఘాన్ని పోప్ 1312లోనే రద్దు చేశాడు. మాల్టాలో ఉన్నది సెయింట్ జాన్ నైట్లు అనే వేరే క్రైస్తవ యోధుల జమాత్. అంతకుముందు వాళ్ల ఠికానా రోడ్స్ దీవి. 1522లో సుల్తాన్ సులేమాన్ ఆరు నెలలు ముట్టడించి దాన్ని గెలిచాడు. లొంగిపోయిన నైట్లను ఆయుధాలతో, సామానుతో, ఇజ్జత్‌గా వెళ్లనిచ్చాడు. 1523 జనవరి 1న వాళ్లు ఓడలెక్కారు. ఏడేళ్లు నిలకడ లేకుండా తిరిగాక, 1530లో చార్లెస్ వాళ్లకు మాల్టా, గోజో, ట్రిపోలీ ఇచ్చాడు. కౌలు ఏమిటంటే ఏడాదికి ఒక డేగ. బంగారుదీ కాదు, రత్నాలదీ కాదు. షికారుకి పనికొచ్చే, ప్రాణమున్న డేగ! ఆ తర్వాతి ఖజానా కథంతా అఫ్సానా.

ఇక మాల్టా సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 870లో ఆ దీవి ముస్లింల చేతికి వచ్చింది, 1091లో నార్మన్లకు లొంగింది. హుకూమత్ పోయినా జబాన్ మిగిలింది. నేటి మాల్టా భాష అరబ్బీ నుంచి పుట్టిందే. పాత రాజధాని పేరు ఎమ్‌దీనా, అంటే మన మదీనా మాటే. దాని పక్క ఊరు రబాత్. అక్కడి క్యాథలిక్కులు ఇప్పటికీ దేవుణ్ని ‘అల్లా’ అనే పిలుస్తారు.

ఇప్పుడు దొంగల దగ్గరికి వద్దాం. నవలలో ఆ పేరు ఉంది: ఖైరుద్దీన్ బార్బరోసా. ఓడల మీద దాడులతోనే అతని జీవితం మొదలైన మాట నిజం. కానీ 1539 నాటికి అతను ఉస్మానీ నౌకాదళానికి సర్వాధికారి, కపుదాన్ పాషా. అంతకు ముందు ఏడాదే ప్రెవేజా దగ్గర చార్లెస్ పక్షపు నౌకాదళాన్ని ఓడించాడు. అతను దొంగ అయితే, మరి నైట్లు ఎవరు? వాళ్లూ ముస్లింల ఓడల్ని కొల్లగొట్టే బతికారు. 1644లో ఇస్తాంబుల్ నుంచి హాజీలతో వెళ్తున్న ఓడను పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్ల ఓడలు వెనిస్ ఏలుబడిలోని క్రీట్ దీవిలో ఆగాయి. ఆ సాకుతో 1645లో మొదలైన జంగ్ 1669 దాకా సాగింది. అలా పట్టుబడినవాళ్లు వలెట్టాలో గులాములయ్యారు, నైట్ల ఓడల్లో గొలుసులతో తెడ్లు వేశారు. 1798లో నెపోలియన్ వచ్చి ఆ గులామీని రద్దు చేసేదాకా అంతే.

కానీ ఇక్కడితో ఆపితే ఇన్సాఫ్ కాదు. 1551లో ఉస్మానీ ఓడలు గోజో దీవి మీద పడ్డాయి. ఆ దాడిలో తుర్గుత్ రయీస్ ఉన్నాడు. దీవిలోని దాదాపు 5,000 మందిని, అంటే ఇంచుమించు ఊళ్లకు ఊళ్లనే, గులాములుగా పట్టుకుపోయారు. వాళ్లలో రైతులున్నారు, ఆడవాళ్లున్నారు, పిల్లలున్నారు. మనవాళ్లు చేస్తే బహాదురీ, ఎదుటివాళ్లు చేస్తే జుల్మ్ అనుకుంటే, ఆ సినిమా మొదటి వాక్యం రాసినవాళ్లకూ మనకూ ఫరక్ ఏముంది?

మావాడికి ఇదే చెప్పాను. “బేటా, ఆ సముద్రంలో రెండు వైపులా దొంగలున్నారు. ఎవరి కలం చేతిలో ఉంటే వాళ్లు ఎదుటివాణ్ని దొంగ అని రాశారు.” వాడు కాసేపు ఆలోచించి, “మరి హాజీలు ఇంటికి వెళ్లారా?” అన్నాడు. అందరూ వెళ్లలేదని చెప్పాల్సి వచ్చింది.

సినిమాలో వాడిన ఆ సీసపు బొమ్మ 2013 వేలంలో 40 లక్షల డాలర్లకు పైగా పలికింది. నఖిలీ డేగకు అంత దామ్! గోజో రైతుల కథ, ఆ ఓడలోని హాజీల కథ మాత్రం అడిగేవాళ్లు తక్కువ. మీ ఇంట్లో పిల్లలతో ఈ సినిమా చూస్తే, ఆ మొదటి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆపండి. రెండు వైపుల సంగతీ చెప్పి, తర్వాత హాయిగా చూడండి. సినిమా మాత్రం లాజవాబ్.