బొంబాయి - లండన్: దూరం అదే, దారులే వేరు

మన బడి గ్లోబు మీద బొంబాయి నుంచి లండన్‌కు దారం బిగించి పట్టుకుంటే, అది దాదాపు కరాచీ మీదుగా పోయి కాస్పియన్ సముద్రం దాటుతుంది. అదే దగ్గరి దారి, సుమారు 7,200 కిలోమీటర్లు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఆ అంకె కంటే ఆ దారి కథ మీద ఆసక్తి ఎక్కువ.

1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారు లండన్ నుంచి కరాచీకి విమాన సర్వీసు మొదలుపెట్టారు. ప్రయాణం ఏడు రోజులు. పేరుకే విమానం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో దిగి, ఇటలీలోని జెనోవా దాకా రైలెక్కాలి. ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే విమానాలను ఇటలీ తన గగనతలంలోకి రానివ్వలేదు మరి! జెనోవా నుంచి ఈజిప్టుకు నీటిమీద వాలే విమానం, అక్కడినుంచి ఇంకోటి. అయినా వారాలు పట్టే ఓడతో పోలిస్తే మెరుపే.

కరాచీకి చేరిన ఆ టపాను ఇవతలికి తేవడం 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా ప్రారంభించారు. బొంబాయి దాకా ఆయనే నడిపారు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. బళ్లారి అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనిదే, తెలుగు బాగా వినిపించే ఊరు.

1948 జూన్ 8న ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబార్ ప్రిన్సెస్’ 35 మంది ప్రయాణికులతో బొంబాయిలో లేచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లింది. రోజుల లెక్క గంటల్లోకి దిగింది. కానీ మజిలీ అంటే కిందికి దిగాలి, జెనీవా దగ్గర ఆల్ప్స్ ఉన్నాయి. 1950 నవంబర్ 3న అదే విమానం మాంట్ బ్లాంక్ కొండకు కొట్టుకుని 48 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఓడ పనివాళ్లు. 1966 జనవరి 24న న్యూయార్క్ వెళ్లే బోయింగ్ 707 ‘కాంచన్‌జంగా’ కూడా జెనీవాలో దిగబోతూ అదే కొండకు బలైంది. 117 మంది మరణించారు, అందులో హోమీ భాభా ఒకరు. ఆయన మరణం మీద పుకార్లు నేటికీ ఆగవు. విచారణలో తేలింది మాత్రం, కొండ దాటేశామనుకుని పైలట్ కిందికి దించాడని. 2012లో ఆ మంచులోంచి మన విదేశాంగ శాఖ టపా సంచి ఒకటి బయటపడింది. లోపల 1966 జనవరి నాటి వార్తాపత్రికలు. నలభై ఆరేళ్లు దారిలోనే ఉండిపోయిన టపా!

ఇప్పుడు మజిలీలు లేవు. ముంబై నుంచి తొమ్మిది, పది గంటలు. హైదరాబాద్ నుంచీ నేరుగా విమానం ఉంది. అయితే దారం పోయిన చోటల్లా విమానం పోలేదు. 2019 ఫిబ్రవరి నుంచి దాదాపు నాలుగున్నర నెలలు, మళ్లీ 2025 ఏప్రిల్‌లో, పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఒకప్పుడు మన దేశపు వాకిలైన కరాచీని తప్పించి, సముద్రం మీదుగా చుట్టు తిరిగి పోవాలి. విహారానికి వచ్చేవాడికి అదనపు గంట పెద్ద విషయం కాదు. తల్లికి బాగాలేదని కబురందుకుని బయల్దేరినవాడికి అది చాలా పొడుగు.

లండన్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఉత్సవాలకు టికెట్ తీసుకునే ముందు, ఏ కంపెనీ విమానమో, ఏ దారిన వస్తుందో ఒకసారి చూసుకోండి.